చార్లెస్ మెస్సియర్

వేసవి రాత్రులందు కన్యారాశిని చూచువారికి చిత్తా నక్షత్రము తెల్లగా మెరయుచు కనబడును. ఆ రాశికి ఉత్తర భాగమున, కంటికి ఏమియు లేనట్లు తోచుచోట, వేయికి పైగా గెలాక్సీలు గుంపుగూడి యున్నవి. గెలాక్సీ యనగా కోట్లకొలది నక్షత్రముల మహాసముదాయము. మన సూర్యుడున్న పాలపుంత అట్టి గెలాక్సీలలో ఒకటి. కన్యారాశి గుంపు నడుమనున్న ఒక గొప్ప గెలాక్సీని మొట్టమొదట గుర్తించి వ్రాసిపెట్టినవాడు చార్లెస్ మెస్సియర్. కాని అతడు జీవితమంతయు వెదకినది గెలాక్సీలను కాదు, తోకచుక్కలను.

మెస్సియర్ 1730వ సంవత్సరము జూన్ 26వ తేదీన, నేటి ఫ్రాన్సు దేశమునకు తూర్పున ఉన్న లొరేన్ సీమలో, బదొన్విలే అను చిన్న పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన 12 మంది సంతానములో అతడు పదవవాడు. అతనికి పదునొకండేండ్ల వయస్సున తండ్రి మరణించెను. అన్నగారగు హయసింత్ అతనిని చేరదీసి చదువును, కచేరి పనులను నేర్పెను. 1744లో అనేక తోకలు గల గొప్ప ధూమకేతువు ఒకటి ఆకాశమున వెలిగెను. 1748లో సూర్యగ్రహణము సంభవించెను. ఈ రెండు దృశ్యములును బాలుని మనస్సున గాఢముగా నాటుకొనెను.

1751లో మెస్సియర్ పారిస్ నగరమునకు పోయి, నౌకాదళమునకు చెందిన ఖగోళజ్ఞుడగు డెలిల్ కడ కొలువున చేరెను. అతని దస్తూరి చక్కగా నుండుటయే ఆ కొలువు దొరకుటకు ముఖ్యకారణము. మొదట పటములకు నకళ్లు వ్రాయుటయే అతని పని. క్రమముగా క్లూనీ భవనము మీదనున్న చిన్న వేధశాలలో దూరదర్శినితో ఆకాశమును పరిశీలించుటయు, చూచిన ప్రతి విషయమును కాలముతో, స్థానముతో సహా తప్పులేకుండ వ్రాసికొనుటయు అలవరచుకొనెను.

ఆ కాలమున పండితులందరును ఒక తోకచుక్క రాకకై ఎదురుచూచుచుండిరి. 1682లో కనబడిన తోకచుక్క 1758 ప్రాంతమున మరల వచ్చునని ఇంగ్లండు దేశీయుడగు ఎడ్మండ్ హేలీ ముందుగానే గణించియుండెను. అది కనబడగల మార్గమును డెలిల్ ఒక పటమున గీచి శిష్యునకిచ్చెను. ఆ పటము తప్పని మెస్సియర్‌కు తెలియదు. అతడు నెలల తరబడి తోకచుక్క లేనిచోట వెదకుచుండెను. తుదకు 1759 జనవరి 21వ తేదీన దానిని కనుగొనెను. కాని గురువు ఆ వార్తను వెంటనే వెల్లడింపనీయలేదు. జర్మనీ దేశమున పాలిచ్ అను రైతు అంతకుముందే, 1758 డిసెంబరు 25వ తేదీన, దానిని చూచియుండెను. కీర్తి అతనికి దక్కెను. మెస్సియర్ నిరుత్సాహపడక తన పనిని సాగించెను.

ఆ వెదకులాటలోనే మరియొక సంగతి జరిగెను. 1758 ఆగస్టు 28వ తేదీన వృషభరాశిలో తోకచుక్కవలె మసకగా నున్న వెలుగొకటి అతని కంటబడెను. తోకచుక్క రాత్రి రాత్రికి చోటు మారును. ఈ వెలుగు కదలలేదు. ఇట్టి మచ్చలను ఆనాడు నీహారికలనిరి. ఇవి తోకచుక్కలను వెదకువారిని మోసగించి కాలమును వ్యర్థము చేయుచుండెను. కావున తనవలె ఇతరులు భ్రమపడకుండుటకై మెస్సియర్ వీని స్థానములను కొలిచి ఒక పట్టికను కూర్ప నారంభించెను. 45 వస్తువులు గల మొదటి పట్టిక 1774లో వెలువడెను.

ఈలోగా అతనికి గౌరవములును, దుఃఖములును వెంటవెంటనే కలిగెను. 1770లో ఫ్రాన్సు విజ్ఞాన పరిషత్తు అతనిని సభ్యునిగా గైకొనెను. ఆ యేటనే వివాహము జరిగెను. 1772లో భార్య ప్రసవించిన కొలది దినములలోనే తల్లియు, శిశువును మరణించిరి. ఇల్లు శూన్యమైనను అతడు ఆకాశమును విడువలేదు.

1781 మార్చి 18వ తేదీ రాత్రి అతడు కన్యారాశి ప్రాంతమున నీహారికలను ఒకటి వెంట ఒకటి కనుగొనెను. ఆ ఒక్కరాత్రి ఎనిమిదింటిని తన పట్టికలో చేర్చెను. అందొకటి 87వది. దాని యందు నక్షత్రమేదియు కనబడలేదని వ్రాసికొనెను. ఆకాశమున ఈ ఒక్క భాగముననే ఇన్ని నీహారికలు చేరియుండుటను కూడ అతడు గమనించి, ఆ సంగతిని పట్టికలో పేర్కొనెను. దానికి కారణమేమో ఆనాడెవరికిని తెలియదు.

అదే సంవత్సరము నవంబరు నెలలో మెస్సియర్ ఒక ఉద్యానవనమున, మంచును నిలువచేయు నేలమాళిగలో, సుమారు 25 అడుగుల లోతున పడిపోయెను. కాలు, చేయి, ప్రక్కటెముకలు విరిగెను. ఏడాది గడచిన పిమ్మటగాని అతడు మరల దూరదర్శినిని చేపట్టలేకపోయెను.

1789లో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. మెస్సియర్‌కు జీతము ఆగిపోయెను. దీపపు చమురునకై మిత్రుడగు లలాండ్‌ను ఆశ్రయింపవలసి వచ్చెను. 1793లో అతడు ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. అతని మిత్రుడగు బొషార్ ద సరోన్ అప్పుడు కారాగారమున ఉండెను. సరోన్ అచ్చటనే ఆ తోకచుక్క మార్గమును గణించెను. ఆ గణితము ప్రకారమే అది మరల కనబడగా, మెస్సియర్ ఆ వార్తను రహస్యముగా మిత్రునకు చేరవేసెను. 1794 ఏప్రిల్‌లో సరోన్‌కు మరణశిక్ష అమలుజరిగెను. వృద్ధాప్యమున మెస్సియర్‌కు నెపోలియన్ చక్రవర్తి గౌరవ బిరుదము నొసగెను. 1817 ఏప్రిల్‌లో, 86 ఏండ్ల వయస్సున, అతడు పారిస్‌లో కన్నుమూసెను.

అతడు కనుగొన్న తోకచుక్కలు 13 అని లెక్కింతురు. వానిని నేడు తలచువారు తక్కువ. అతని పట్టిక మాత్రము నేటికిని ఖగోళజ్ఞుల చేతిలో నున్నది. ఆ పట్టికలోని 31వ నీహారిక పాలపుంతకు చాల దూరమున నున్న వేరొక గెలాక్సీ అని ఎడ్విన్ హబుల్ 1924 నాటికి నిరూపించెను. 87వది కూడ అట్టిదే. పాలపుంతకున్నట్లు దానికి సుడితిరిగిన బాహువులు లేవు. అది గ్రుడ్డువలె గుండ్రదనము గల దీర్ఘవృత్తాకార గెలాక్సీ. అందలి నక్షత్రములు మిక్కిలి పురాతనములు. క్రొత్తవి పుట్టుటకు కావలసిన చల్లని వాయువు అందు కడు స్వల్పము. దాని దూరము సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరములు. మెస్సియర్ ఆ రాత్రి చూచిన కాంతి, భూమిమీద మానవుడు పుట్టకముందే అచ్చట బయలుదేరినది.

1918లో హీబర్ కర్టిస్ ఆ గెలాక్సీ నడుమనుండి తిన్నగా వెలువడు కాంతిరేఖ నొకదానిని గుర్తించెను. 2019 ఏప్రిల్ 10వ తేదీన శాస్త్రజ్ఞులు దాని కేంద్రమున నున్న కృష్ణబిలము యొక్క చిత్రమును ప్రకటించిరి. కృష్ణబిలమునకు సంబంధించి లోకము చూచిన మొదటి చిత్రమదియే. దాని ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 650 కోట్ల రెట్లు.

మెస్సియర్‌కు ఇవి యేవియు తెలియవు. తన పనికి అడ్డువచ్చిన మసక మచ్చలను అతడు ఉపేక్షింపలేదు; చూచినదానిని చూచినట్లు, ఉన్నచోట ఉన్నట్లు వ్రాసిపెట్టెను. తరువాతివారు ఆ వ్రాతను నమ్మి, ఆ స్థానములకే తమ దూరదర్శినులను త్రిప్పిరి. తనకు ఫలమేమియు కనబడని పనిని కూడ శ్రద్ధతో చేయువాని కృషి వృథాపోదనుటకు అతని జీవితమే నిదర్శనము.