జో లూయిస్ గెలుపుల తూకం

మా రైల్వే ఇన్‌స్టిట్యూటులో ఒకనాటి సాయంత్రం క్యారమ్ బల్ల చుట్టూ చేరిన మిత్రుల మధ్య పెద్ద వాదమే చెలరేగింది. హెవీవెయిట్ ముష్టియోధులలో మేటి ఎవరన్నది ప్రశ్న. రాకీ మార్సియానో దిగిన 49 పోటీలలోనూ గెలిచినవాడు, ఓటమి ఎరుగడు. జో లూయిస్ 69 పోటీలలో 66 గెలిచి మూడింటిలో ఓడినవాడు. ఇంక వాదమెందుకని ఒక మిత్రుడు తేల్చివేశారు. మేము పార్సిల్ ఆఫీసు గుమాస్తాలం. మూటలెన్ని అని మాత్రమే చూసి ఛార్జీ కట్టడం మాకు అలవాటు లేదు. కాటా మీద పెట్టవలసిందే. లూయిస్ గెలుపులను కూడా అలా తూచి చూద్దామన్న కోరికే యీ వ్యాసానికి కారణం.

జోసెఫ్ లూయిస్ బారో 1914 మే 13న అమెరికా దక్షిణాదిన, అలబామా రాష్ట్రంలో, పాలుకు సేద్యం చేసుకొనే నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రి మతిచలించి ఆసుపత్రి పాలైనాడు. తల్లి లిల్లీ మారుమనువు చేసుకొన్నది. 1926లో ఆ కుటుంబం బతుకుతెరువు కోసం ఉత్తరాదిన మోటారు కార్ఖానాల నగరమైన డెట్రాయిట్‌కు తరలివెళ్ళింది. పుట్టిన ఊరు విడిచి పరాయిచోట కాపురం పెట్టడమంటే ఏమిటో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. వయొలిన్ నేర్చుకొమ్మని తల్లి ఇచ్చిన డబ్బును కుర్రవాడు బాక్సింగ్ శాలలో కట్టివేశాడని చెప్తారు. 1932లో మొదటి అమెచ్యూరు పోటీలోనే చిత్తుగా ఓడిపోయాడు. అయినా వదలలేదు. 1934 జూలై 4న షికాగోలో వృత్తియోధుడుగా బరిలోకి దిగి, మొదటి రౌండులోనే గెలిచాడు.

ఆ రోజుల్లో నల్లవాడికి హెవీవెయిట్ కిరీటం అందని మాని పండు. జాక్ జాన్సన్ 1915లో ఆ కిరీటం పోగొట్టుకొన్న తరువాత 22 ఏళ్ళపాటు మరొక నల్లవాడికి పోటీచేసే అవకాశమే దొరకలేదు. 1919 నుండి 1926 వరకు విజేతగా ఉన్న జాక్ డెంప్సీ, సమర్థుడైన నల్లజాతి యోధుడు హారీ విల్స్‌తో ఒక్కసారీ తలపడలేదు. ఎవరితో పోరాడాడన్నదే కాదు, ఎవరితో పోరాడలేదన్నది కూడా విజేత చరిత్రలో భాగమే. లూయిస్‌కు శిక్షకుడుగా జాక్ బ్లాక్‌బర్న్ దొరికాడు. ఓడినవాడి ముందు విర్రవీగవద్దని అతని మేనేజర్లు కట్టడి చేశారు.

1935లో కార్నేరాను, మాక్స్ బేర్‌ను, అంటే ఇద్దరు మాజీ విజేతలను, లూయిస్ పడగొట్టాడు. 1936 జూన్ 19న జర్మనీ దేశస్థుడు మాక్స్ ష్మెలింగ్‌తో పోటీ వచ్చింది. ష్మెలింగ్ పని అయిపోయిందని అందరూ అనుకొన్నారు. కాని అతడు లూయిస్ పోటీల ఫిల్ములు చూసి, ఎడమచేతి దెబ్బ వేసిన వెంటనే లూయిస్ ఆ చేతిని కిందికి జార్చుతాడని కనిపెట్టాడు. ఆ సందులో కుడిచేతి దెబ్బలు వేసి 12వ రౌండులో పడగొట్టాడు. తేలిక అనుకొన్న ప్రత్యర్థే బరువైనాడు!

1937 జూన్ 22న లూయిస్ షికాగోలో బ్రాడాక్‌ను ఓడించి ప్రపంచ విజేత అయినాడు. సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న, ష్మెలింగ్‌ను మళ్ళీ ఎదుర్కొన్నాడు. హిట్లరు రోజులు, అది రెండు దేశాల పోరుగా మారింది. న్యూయార్కులోని యాంకీ స్టేడియంలో సుమారు 70,000 మంది చూస్తుండగా 124 సెకండ్లలో ముగిసింది.

1940 డిసెంబరు నుండి లూయిస్ ఇంచుమించు నెలకొక పోటీ చేశాడు. నెలకొక అనామకుణ్ణి తెచ్చి నిలబెడుతున్నారని పత్రికలవారు ఎగతాళి చేశారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ వరసలో 250 పౌన్లు దాటిన ఏబ్ సైమన్ కూడా ఉన్నాడు. కాని లూయిస్‌ను ముప్పుతిప్పలు పెట్టినవాడు అతనికన్న సుమారు పాతిక పౌన్లు తక్కువ తూగే బిల్లీ కాన్. 1941 జూన్ 18న 12 రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు నిర్ణేతల లెక్కలో కాన్‌దే పైచేయి. 13వ రౌండులో లూయిస్ అతణ్ణి పడగొట్టాడు. ఇక్కడ మా కాటా కూడా పనికిరాలేదని ఒప్పుకొంటున్నాము.

యుద్ధకాలంలో లూయిస్ సైన్యంలో చేరాడు. 1942లో రెండు పోటీల సొమ్ము నౌకాదళ, సైనిక సహాయ నిధులకిచ్చాడు. యుద్ధం తరువాత, 1947లో, జో వాల్కాట్ చేతిలో రెండుసార్లు నేలకొరిగి, తగాదాపడిన తీర్పుతో గట్టెక్కాడు; 1948లో మళ్ళీ పిలిచి 11వ రౌండులో పడగొట్టాడు. ష్మెలింగ్, గొడోయ్, కాన్, వాల్కాట్ — తనను ఇబ్బందిపెట్టిన యీ నలుగురినీ రెండవసారి ఎదుర్కొని నలుగురినీ నాకౌట్ చేశాడు. 25 సార్లు కిరీటం నిలబెట్టుకొని 1949 మార్చి 1న విరమించాడు. హెవీవెయిట్‌లో ఆ లెక్కను ఇంతవరకు ఎవరూ దాటలేదు.

కాని పన్నుల బాకీ అతణ్ణి మళ్ళీ బరిలోకి లాగింది. 1950లో ఎజర్డ్ చార్లెస్ చేతిలో ఓడాడు. 1951 అక్టోబరు 26న, 37వ ఏట, మార్సియానో చేతిలో ఎనిమిదవ రౌండులో పడిపోయాడు. మార్సియానో 49 గెలుపులలో ఇదొకటి. జాబితాలో లూయిస్ పేరున్నది, వయస్సు లేదు. లూయిస్‌ను 33వ ఏట కంగారుపెట్టిన వాల్కాట్‌ను మార్సియానో 1952లో ఎదుర్కొనేనాటికి వాల్కాట్‌కు 38 ఏళ్ళు. ఇందువల్ల మార్సియానో తక్కువవాడని మేము అనము. ఎదుట నిలబడినవారినే కదా ఎవరైనా ఓడించేది! అయితే ఓటమి లేకపోవడం ఒక్కటే గొప్పతనానికి కొలత కాదని మా అభిప్రాయం. ఓడించినవాణ్ణి మళ్ళీ పిలిచి నిలబడడం అంతకన్న పెద్ద పరీక్ష.

లూయిస్ 1981 ఏప్రిల్ 12న కన్నుమూశాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. ఒకనాటి శత్రువు ష్మెలింగ్ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా అతని ఆప్తమిత్రుడు.

ఉగాదినాడు పంచాంగంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు లెక్కపెట్టుకొంటాము. అన్నీ అనుభవించినవాడు జో లూయిస్. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో వేరొక భాషలో పాఠాలు అప్పజెప్పే మన పిల్లల మార్కులను, సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు, చుట్టాల పిల్లల మార్కులతో పోల్చేముందు వారు దేనితో తలపడుతున్నారో కూడా కాస్త చూడమని పెద్దలకు మనవి. సంఘ సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.