ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

మన బడిలో పరీక్ష తప్పినవాళ్లకు సైన్సు మాస్టారు యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పి ధైర్యం నూరిపోసేవారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. ఇంజనీరునయ్యాక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఆయన జీవితంలోని మరో ఘట్టం.

మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన సుబ్బారావు గారు, హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. అందులో ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

కండరాల రసంలో ఆ రంగు వెంటనే రాలేదు. నెమ్మదిగా చిక్కబడింది. మనమైతే ఏం చేసేవాళ్లం? ల్యాబులో లెక్క కుదరకపోతే, పుస్తకంలో అంకె చూసి రికార్డు దిద్దుకున్నవాళ్లం కదా! ఉద్యోగంలోనూ నాకా అలవాటు పోలేదు. ఒక పంపు వైబ్రేషన్ రీడింగు తప్పని కొట్టేసి, బేరింగు పోయాక నాలుక కరుచుకున్నాను.

వాళ్లు కొట్టేయలేదు, కారణం వెతికారు. భాస్వరం క్రియాటిన్‌తో కలిసి ఉండి, పరీక్ష జరుగుతుండగా కొద్దికొద్దిగా విడిపోతోంది. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు.

కండరంలోని మయోసిన్ అనే ప్రోటీనే ఏటీపీని విడగొడుతుందని 1939లో మాస్కో శాస్త్రజ్ఞులు చూపించారు. విడిన ఫాస్ఫేటు బయటికి పోయేటప్పుడు ప్రోటీన్ ఆకారం మారుతుంది. దాని తల వాలి, పక్కనున్న ఆక్టిన్ పోగును లాగుతుంది. మనం చెయ్యి ఎత్తడం వెనక జరిగేది ఇదే. ఖర్చయిన ఏటీపీని వెంటనే మళ్లీ నింపేది ఫాస్ఫోక్రియాటిన్.

హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, ఫోలిక్ ఆమ్లం తయారీ వంటి గొప్ప పనులు నడిపించారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

స్వర్ణోత్సవ వేళ మన మాస్టార్లకు ఒక్క విన్నపం. లెక్కకు కుదరని రీడింగును చెరపకుండా తెచ్చి చూపించిన పిల్లవాడికి మార్కులు తగ్గించకండి. ఎందుకలా వచ్చిందో వాడితో కలిసి వెతకండి.