ఆడీ మర్ఫీ

ఆడీ మర్ఫీ 1925వ సంవత్సరమున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున నిరుపేద కౌలురైతు ఇంట జన్మించెను. తండ్రి ఇల్లు విడిచిపోగా, బాలుడు చదువు మాని కూలిపనికి పోయెను. 1941లో తల్లియు మరణించెను. మరుసటి యేడు వయస్సు ఎక్కువగా చూపి సైన్యమున చేరెను. 1945 జనవరి 26న ఫ్రాన్సు దేశమున, తన దళమును వెనుకకు పంపి, మండుచున్న యుద్ధశకటముపై ఒంటరిగా నిలిచి మరతుపాకితో శత్రువులను నిలువరించెను. అందులకు అమెరికా దేశపు అత్యున్నత శౌర్యపతకము లభించెను.

పిమ్మట హాలీవుడ్ చేరి 40కి పైగా చిత్రములలో నటించెను. 1955లో తన యుద్ధగాథా చిత్రమున తానే నాయకుడయ్యెను. కాని యుద్ధస్మృతులు అతనిని రాత్రులందు నిద్రపోనీయవయ్యెను. ఆ వేదనను దాచక వెల్లడించి, యుద్ధము నుండి మరలిన సైనికుల మనోవ్యాధులకు చికిత్స చేయింపవలెనని ప్రభుత్వమును కోరెను. 1971 మే 28న విమానప్రమాదమున మరణించెను. రణరంగమున చూపిన ధైర్యము కంటె, మనోవ్యథను దాచక చెప్పిన ధైర్యము తక్కువది కాదు.