సొరకు మన పేరే రాసుకున్న డాక్టర్

కేతేపల్లి వైపు పొలాల్లో తిరిగేవాళ్లకు రక్తపింజరను పరిచయం చేయక్కర్లేదు. ఇంగ్లిష్‌లో దాని పేరు రసెల్స్ వైపర్. ఆ రసెల్ ఎవరని అడిగితే మాత్రం చాలామంది తడబడతాం. విశాఖ తీరంలో సొరచేపలను కూడా కాగితం మీదికి ఎక్కించిన మనిషి ఆయన.

ప్యాట్రిక్ రసెల్ ఎడిన్‌బరోలో పుట్టారు. డాక్టర్ చదివి సిరియాలోని అలెప్పోలో ఇంగ్లిష్ వ్యాపారుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ ప్లేగు వచ్చినప్పుడు చూసిందంతా రాసి పెట్టుకున్నారు. 1781లో తమ్ముడు క్లాడ్‌కు విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు వస్తే, తోడుగా ఈయనా ఓడెక్కారు. అప్పటికి వయసు 50 దాటింది, చేతిలో పోస్టింగ్ ఏమీ లేదు. అయినా ఖాళీగా కూర్చోలేదు. మొక్కలు, పాములు, చేపలు సేకరించడం మొదలుపెట్టారు. కంపెనీ నేచురలిస్ట్ కోనిగ్ 1785లో చనిపోయాక ఆ ఉద్యోగం ఈయనకే వచ్చింది. రెజ్యూమేలో రాసుకోవడానికి పని ముందే ఉందన్నమాట!

పాముకాటుకు జనం చనిపోతుంటే ఏది విషసర్పమో, ఏది కాదో తేల్చాలని కూర్చున్నారు. ఆ పుస్తకం 1796లో వచ్చింది.

ఇక సొరల సంగతి. ఇప్పుడు పెద్ద అక్వేరియానికి వెళ్తే గాజు ఇవతల నిలబడి ఎంతసేపైనా చూడొచ్చు. కొన్ని సొరలు అసలు ఆగవు. ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీళ్లు పారి ఊపిరి ఆడుతుంది. బాంబూ షార్క్ అలా కాదు, అడుగున పడుకునే నీళ్లు లోపలికి లాక్కుంటుంది. రసెల్‌కు ఈ సౌకర్యం లేదు. లండన్ జూలో మొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచింది 1853లో. ఆయన దగ్గరికి వచ్చింది వలలో చిక్కిన చేపే. కదలిక చూడలేరు కాబట్టి ఆకారం, రెక్కలు, పళ్లు వివరంగా రాసి బొమ్మలు గీయించారు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. చేపలకు కొత్త పేర్లు పెట్టేసి ఊరుకోకుండా, తీరంలో వాటిని ఏమంటారో అదే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశారు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన రెండు సంపుటాల్లో విశాఖ చేపలు 200 ఉన్నాయి. వాటిలో పాల సొర ఒకటి. పుస్తకం మీద పేరు రసెల్‌ది, లోపలి పదాలు మాత్రం మన జాలర్లవి.

రెండేళ్లకే, 1805లో, ఆయన పోయారు. పాముల రెండో సంపుటం పూర్తిగా బయటికి వచ్చేసరికి 1809 అయింది. సొర అనే మాట మాత్రం ఆగలేదు. 1839లో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల పుస్తకంలో ఒక సొరకు పేరు పడింది. రెక్కల కొనలకు నల్లటి మచ్చలుండే ఆ చేప శాస్త్రీయ నామం ఇవాళ్టికీ కార్కరైనస్ సొర్రా.