సర్వేపల్లి రాధాకృష్ణన్: స్వాతంత్ర్యచింతనము, విజ్ఞానపరిమితి

1952వ సంవత్సరము మే 13వ తేదీన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఢిల్లీలో భారత ఉపరాష్ట్రపతి పదవిని స్వీకరించెను. ఆ యేటనే అమెరికాలో పాల్ ఆర్థర్ షిల్ప్ సంపాదకత్వమున నడచుచుండిన, జీవించియున్న తత్త్వవేత్తలను గూర్చిన గ్రంథమాలలో ఆయన దర్శనముపై ఒక సంపుటము వెలువడెను. అందు ఆయన స్వయముగా వ్రాసిన ఆత్మనివేదన వ్యాసమొకటి కలదు. మానవుడు స్వతంత్రుడా కాడా యని నలువది యేండ్లకు పైగా పుస్తకములలో విచారించిన వ్యక్తి, ఇక పదునైదేండ్లు ఆ ప్రశ్ననే రాజధానిలో, అధికారము నడుమ, ఎదుర్కొనవలసి వచ్చెను.

ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించెను. ఇంటిపేరునకు మూలమైన సర్వేపల్లి నెల్లూరు మండలములోనిది. తిరుత్తణి నాడు ఉత్తరార్కాడు జిల్లాలోనిది. పిమ్మట చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో మద్రాసు రాష్ట్రమునకు పోయెను. తండ్రి వీరాస్వామి స్వల్పాదాయము గల ఉద్యోగి. బాలుడు తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలోను, వేలూరిలోను, అటుపిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలోను విద్యార్థి వేతనములపై చదివెను. తత్త్వశాస్త్రము ఆయన కోరి యెన్నుకొన్న విషయము కాదు. పరీక్ష ముగించిన జ్ఞాతి యొకడు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఇచ్చివేయగా, వెల పెట్టి వేరు పుస్తకములు కొన శక్తిలేక ఆ విద్యార్థి ఆ శాస్త్రమునే పుచ్చుకొనెను. స్వేచ్ఛను గూర్చి తరువాతి కాలమున అంతగా వ్రాసిన వాని జీవితమున మొదటి మలుపు స్వేచ్ఛ వలన గాక లేమి వలన కలిగినదనుట గమనింపదగినది.

క్రైస్తవ కళాశాలలోని అధ్యాపకులు వేదాంతమును శ్రద్ధతోనే చదివినవారు. కాని అందు నీతికి తావు లేదనునది వారి ఆక్షేపము. లోకము మిథ్య యైనచో ధర్మాధర్మములకు అర్థమేమి? కర్మము సర్వమును నిర్ణయించినచో పశ్చాత్తాపమునకు ప్రయోజనమేమి? ఆ అధ్యాపకులలో మేటి యగు ఏ. జి. హాగ్ కర్మసిద్ధాంతముపై ప్రత్యేక గ్రంథమే వ్రాసినవాడు. ఇరువదియేండ్ల రాధాకృష్ణన్ 1908లో ఎం.ఏ. పట్టమునకై వేదాంత నీతిని గూర్చి రచించిన వ్యాసము ఈ ఆక్షేపమునకు సమాధానము. హాగ్ దానిని మెచ్చుకొనెను. ఆ సమాధానము నాటికి పూర్తికాలేదు. అనంతరము ఆయన వ్రాసినదంతయు ఒక విధముగా ఆ గురువునకు చెప్పుచు వచ్చిన ప్రత్యుత్తరమే.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగము, 1918లో మైసూరు, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఐదవ జార్జి పీఠము ఆయనకు లభించినవి. భారతీయ దర్శనములపై ఆయన రచించిన రెండు సంపుటములు 1923లోను 1927లోను ప్రకటితములయ్యెను. రెండవ సంపుటమున తన పరిశోధనలోని భాగములు చేరినవని జదునాథ సిన్హా 1929లో బహిరంగముగా ఆరోపించెను. ఉభయులును న్యాయస్థానమున కెక్కిరి. 1933లో అది రాజీతో ముగిసెను. ఆయన కీర్తిని తూచువారు ఈ ప్రకరణమును దాటవేయుట ఉచితము కాదు.

ఆయన చింతనకు కేంద్రమైన గ్రంథము 1929లో ఇంగ్లండున ఇచ్చిన హిబ్బర్టు ఉపన్యాసముల నుండి పుట్టి 1932లో అచ్చయినది. జీవితమును భావవాదదృష్టితో చూచు ఆ గ్రంథము ఎనిమిది ప్రకరణములు గలది. మొదటి ప్రకరణమే ఆధునిక విజ్ఞానము మతమునకు విసరిన సవాలును గూర్చినది. ఆ కాలము భౌతికశాస్త్రమున గొప్ప కలవరము నడచిన కాలము. 1927లో హైసెన్‌బర్గ్ అనిశ్చితిసూత్రమును ప్రకటించెను; ఎడింగ్టన్ భౌతిక ప్రపంచ స్వభావమును గూర్చిన తన ఉపన్యాసములను 1928లో గ్రంథముగా వెలువరించెను. పరమాణువు గమనము ముందుగా చెప్పరానిదైనచో మానవుని సంకల్పము కూడ స్వతంత్రమే కదా యని కొందరు సంతోషించిరి. ఆ సంతోషమునకు ఆధారము చాలదు. యాదృచ్ఛికముగా కదలునది స్వతంత్రమైనది కాదు. గాలికి ఎగిరిన ఎండుటాకునకు స్వేచ్ఛ కలదని ఎవ్వరును అనరు.

రాధాకృష్ణన్ స్వాతంత్ర్యమునకు పెట్టిన పునాది వేరు. మనిషిలోని ఒక కోరికయో, ఒక భయమో, ఒక అలవాటో అతనిని నడపినచో అది పారతంత్ర్యము. వ్యక్తి సమగ్రముగా, తన యావత్స్వరూపముతో, ఒక కార్యమును నిశ్చయించుకొన్నచో అదియే స్వాతంత్ర్యము. కారణము లేకుండుట స్వేచ్ఛ కాదు, తానే కారణమగుట స్వేచ్ఛ. విజ్ఞానమును ఆయన నిరసింపలేదు. అది కొలువదగినదానిని కొలుచును, అనేకములకు సామాన్యమైన నియమమును చెప్పును. కాని ఈ వ్యక్తి, ఈ దుఃఖము, ఈ నిర్ణయము అను విశిష్టత ఆ నియమమున ఇమడదు. శాస్త్రజ్ఞుడు క్రొత్త సత్యమును కనుగొను క్షణమున సైతము తర్కసోపానము నెక్కి పోవుట లేదనియు, అంతర్దృష్టితో ముందు చూచి పిదప తర్కముతో నిరూపించుననియు ఆయన వాదించెను. ఈ అంతర్దృష్టి బుద్ధికి విరోధి కాదు, బుద్ధికి పరిపాకము. ఆయన దర్శనమునకు బలమిదియే, దౌర్బల్యమును ఇదియే. శాస్త్రజ్ఞుని అంతర్దృష్టి తప్పైనచో ప్రయోగము దానిని పట్టియిచ్చును. ఇరువురు ద్రష్టలు పరస్పర విరుద్ధముగా పలికినచో నిర్ణేత యెవ్వరు? ఈ ప్రశ్నకు ఆ గ్రంథమున తృప్తికరమైన ఉత్తరము కనబడదు.

కర్మసిద్ధాంతమును వివరించుటకు ఆయన పేకాటను ఉపమానముగా గ్రహించెను. చేతికి వచ్చిన ముక్కలు మనము కోరినవి కావు, అవి పూర్వకర్మఫలములు. ఆడు తీరు మాత్రము మనది. తెలుగువారి వ్యవహారమున కర్మమునకు పర్యాయముగా నిలిచిన మాటలు తలవ్రాత, నుదుటివ్రాత. వ్రాయబడినదానిని చదువుకొనుట తప్ప చేయగలిగినది లేదు. ముక్కలతో ఆట మిగిలియుండును. ఒకే సిద్ధాంతము రెండు రూపకములలో ఎంత భిన్నమగునో ఇట తెలియును. పురుషకారమను ప్రాచీనపదము రెండవ రూపకమునకే అనుకూలము. అయినను ముక్కలు పంచినదెవరు, కొందరికి తరతరములుగా చెడు ముక్కలే ఏల పడుచున్నవి అను ప్రశ్న ఈ ఉపమానమున అణగియున్నది. అది ఢిల్లీలో ఆయన ముందునకు వచ్చెను.

అంతకు ముందు, 1931 నుండి 1936 వరకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు. ప్రభుత్వ దమననీతికి నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి విడిచిన పీఠమది. 1936లో ఆక్స్‌ఫర్డున స్పాల్డింగు ఆచార్యపదవి, 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షత. 1942 ఉద్యమకాలమున ఆ విశ్వవిద్యాలయమును సైనిక వైద్యశాలగా మార్ప ప్రభుత్వము యత్నింపగా, ఆయన ఢిల్లీకి వచ్చి రాజప్రతినిధిని కలిసికొని దానిని నిలుపుదల చేయించెను.

స్వాతంత్ర్యానంతరము 1948లో నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు ఆయన అధ్యక్షుడు. సభ్యులలో భౌతికశాస్త్రవేత్త మేఘనాథ సాహా ఒకడు. సర్వమును వేదములలోనే కలదనువారిని నిర్దాక్షిణ్యముగా పరిహసించిన హేతువాది సాహా. అట్టి ఇరువురు కూర్చుండి సిద్ధము చేసిన నివేదిక విజ్ఞానబోధను విస్తరింపుమనియు, విద్యార్థులు దినారంభమున కొన్ని నిమిషములు మౌనధ్యానము చేయవలెననియు ఒక్కచోటనే కోరినది. మౌనమునకు మతభేదము లేదు గనుక ఈ సంధి కుదిరెను కాబోలు. పిమ్మట 1949 నుండి 1952 వరకు మాస్కోలో రాయబారము.

ఉపరాష్ట్రపతిగా నున్న పదియేండ్లును ఆయన రచనకు ఎడము కాలేదు. 1953లో ప్రధానోపనిషత్తుల అనువాదము, 1960లో బ్రహ్మసూత్ర వ్యాఖ్యానము వెలువడెను. యుద్ధానంతర యూరపులో వ్యాపించిన అస్తిత్వవాదమును ఆయన శ్రద్ధగా పరిశీలించినది ఈ కాలముననే. 1955లో శ్రద్ధాపునరుద్ధరణమును గూర్చి రచించిన గ్రంథమున ఆ వాదము చర్చకు వచ్చినది. కీర్కెగార్డ్, హైడెగ్గర్, సార్త్రె మొదలగువారు వర్ణించిన భయమును, శూన్యతాబోధమును ఆయన కొట్టివేయలేదు. వృద్ధుని, రోగిని, శవమును చూచి ఇల్లు విడిచిన సిద్ధార్థుని వేదన అట్టిదే యని ఆయన ఎరుగును. కఠోపనిషత్తున యముని గుమ్మమున మూడురాత్రులు ఉపవసించిన నచికేతుడు సైతము మరణసన్నిధిని నిలిచి ప్రశ్నించినవాడే కదా. భేదము తరువాతి మెట్టున వచ్చును. సార్త్రెకు మానవునికి ముందుగా నిర్ణీతమైన స్వభావము లేదు. తన క్రియలచే తన్ను తాను నిర్మించుకొనును, ఆ స్వేచ్ఛ అతనికి శిక్షవంటిది. రాధాకృష్ణన్‌కు ఆత్మ ముందే కలదు. స్వేచ్ఛ యనగా దానిని గుర్తించుట. శూన్యమును శూన్యమని ఎరుగునది శూన్యము కాజాలదని ఆయన ఉత్తరము. ఇది శంకరుని మార్గమే. నిషేధింపబూనినవాని స్వరూపమే ఆత్మ యను వాదమునకు క్రొత్త ప్రయోగము. సార్త్రె దీనిని అంగీకరింపడు. కాని ఇరువురును విజ్ఞానము మనిషిని వస్తువుగా మార్చుటను ఒప్పుకొనలేదు. అందు వారిది ఒకే పక్షము.

1956లో భారత ప్రభుత్వము బుద్ధుని 2500వ పరినిర్వాణ సంవత్సరమును జరిపినపుడు ఆ సంఘమునకు రాధాకృష్ణన్ అధ్యక్షత వహించెను. అదే కాలమున ఢిల్లీలో అంబేద్కర్ బుద్ధునిపై తన గ్రంథమును ముగించి, 500 ప్రతులు కొని గ్రంథాలయములకు పంచవలసినదని నెహ్రూకు లేఖ వ్రాసెను. కేటాయించిన ధనము చాలదని తెలిపి నెహ్రూ ఆ లేఖను రాధాకృష్ణన్‌కు పంపెను. కోరిక నెరవేరలేదు. అక్టోబరు 14న అంబేద్కర్ నాగపురమున బౌద్ధమును స్వీకరించి, డిసెంబరు 6న ఢిల్లీలో మరణించెను. ఒకరికి బుద్ధుడు ఉపనిషత్తుల వారసుడు. మరియొకరికి పేకముక్కల పంపకమునే తిరస్కరించిన విప్లవకారి. అంటరానితనమును రాధాకృష్ణన్ ఖండించినవాడే. అయినను పూర్వకర్మ అనుమాట దానికి బలియైనవారి చెవిని ఎట్లు పడునో అను విచారణ ఆయన రచనలలో తగినంత లేదు. అంబేద్కర్ గ్రంథము 1957లో, గ్రంథకర్త మరణానంతరము, వెలువడెను.

1956 నవంబరు 26న భార్య శివకాము కన్నుమూసెను. అయిదుగురు కూతుండ్రను ఒక కుమారుని పెంచి, భర్త దేశాంతరములలో నుండగా సంసారభారము మోసిన ఆమెను గూర్చి ఆయన బహిరంగముగా పలికినది అల్పము.

1962 మే 13న ఆయన రాష్ట్రపతి యయ్యెను. అయిదు మాసములు గడచెనో లేదో చైనా దండయాత్ర. అక్టోబరు 26న ఆయన పేర అత్యవసరస్థితి ప్రకటన వెలువడెను. నవంబరు 3న పౌరులు 21, 22 అధికరణముల క్రింది హక్కులకై న్యాయస్థానమును ఆశ్రయించుటను నిలిపివేసిన ఉత్తర్వును ఆయన పేరనే వచ్చినది. రాజ్యాంగము ప్రకారము రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాపై నడచువాడు. కాని యుద్ధము నెలరోజులలో ఆగినను, ఆ స్థితి 1968 జనవరి వరకు, అనగా ఆయన పదవీకాలము దాటియు, కొనసాగెను. సమగ్రవ్యక్తిత్వముతో నిశ్చయించుటయే స్వాతంత్ర్యమని బోధించిన దార్శనికుడు, తన నిశ్చయము కాని దానిపై తన సంతకముంచు పదవిలో నుండెను. ఆయన పూర్తిగా మౌనియై యుండలేదు. చైనా విషయమున ప్రభుత్వపు అతివిశ్వాసమును ఉపేక్షను బహిరంగముగానే ఎత్తిచూపెను. 1967 గణతంత్రదినమునకు ముందటి సందేశమున పాలనలోని అసమర్థతను, వనరుల దుర్వినియోగమును తీవ్రముగా విమర్శించెను. ఆ మే నెలలో పదవి ముగిసి ఢిల్లీని విడిచెను.

భారతీయభాషల పండితులకు ఆయన ఢిల్లీ జీవితమున మరియొక ప్రసక్తి కలదు. 1954 మార్చి 12న సాహిత్య అకాడమీ ప్రారంభమైనపుడు ఆయన ఉపాధ్యక్షుడు. నెహ్రూ అనంతరము 1964లో అధ్యక్షుడు. 1968లో విశిష్ట సభ్యత్వము నందెను. అయినను ఆయన తత్త్వగ్రంథములన్నియు ఆంగ్లముననే కలవు. ఆ భాషలోని ఒకే పదము ఆయన చేతిలో రాజకీయ స్వాతంత్ర్యమును, సంకల్పస్వేచ్ఛను, మోక్షమును కలిపి సూచించును. ఒక అర్థము నుండి వేరొక అర్థమునకు ఆయన ఎప్పుడు జారెనో మూలము చదువువానికి తెలియదు. తెలుగులోనికి తెచ్చువాడు మాత్రము ప్రతి వాక్యమునను మూడు పదములలో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. వాదమున అతుకులున్న చోట్లు అక్కడనే బయటపడును. ఆయన తెలుగున వ్రాసియుండినచో ఆ పని ఆయనయే చేయవలసి వచ్చెడిది.

చివరి యెనిమిదేండ్లు మద్రాసు మైలాపూరులోని స్వగృహమున గడచెను. క్రమముగా ఆరోగ్యము క్షీణించెను. 1975లో టెంపుల్టన్ బహుమానము ప్రకటింపబడిన కొలదికాలమునకే, ఏప్రిల్ 17న ఆయన మరణించెను. చరిత్రకారుడైన కుమారుడు గోపాల్ 1989లో ప్రకటించిన జీవితచరిత్రమున తండ్రి గుణములను మాత్రమే గాక దోషములను సైతము దాచక వ్రాసెను.