నౌకాధిపతి సుఫ్రెన్

సముద్రమునకు దూరముగ ముషీరాబాదున నుండు మాకు, ఫ్రెంచివారనగా మూసారాంబాగునకు పేరు మిగిల్చిన రేమండే జ్ఞప్తికి వచ్చును. అంతకు ముందే మన తూర్పు సముద్రమున పోరాడిన సుఫ్రెన్ చరిత్రము మాకు మరింత యాశ్చర్యకరముగ దోచినది.

ఆయన 1729లో ఫ్రాన్సుదేశపు ప్రోవాన్సు సీమలో జన్మించి, బాల్యముననే నౌకాదళమున జేరెను. 1782లో ఆంగ్ల నౌకాధిపతి హ్యూసుతో నాలుగుమారులు తలపడెను. ఈ తీరమున ఆయనకు నౌకల మరమ్మతుశాల లేదు. విరిగిన ఓడస్తంభమునకు బదులు దొరకదు. ఫ్రెంచి యుద్ధనౌకలలో నడిమి స్తంభము ఓడ వెడల్పునకు సుమారు రెండున్నర రెట్లు పొడవుండెడిది. తెరచాపలు గట్టు అడ్డకొయ్యలును ఆ వెడల్పును బట్టియే కొలువబడుచుండెను. కావున చిన్న ఓడ స్తంభము పెద్ద ఓడ నడుమ నిలుపుటకు చాలదు. అయినను కడలూరులో ఆయన చిన్న నౌకల కొయ్యల నూడదీయించి, ఇండ్లు పడగొట్టించి, ఆ కలపతో ఓడలను బాగుచేయించెను.

సెప్టెంబరు 3న తిరుకోణమల యొద్ద, 74 ఫిరంగుల ఆయన ఓడ ‘ఎరో’ నడిమి స్తంభము కూలి, ధ్వజమును దానితో బడెను. లొంగెనని శత్రువు తలచునేమోయని ఆయన ఉన్న జెండాలన్నియు నెత్తించెనట! కొలది దినములకే రేవు చొచ్చుచు ‘ఓరియాన్’ అను ఓడ బండకు దగిలి నశించెను. అదియు 74 ఫిరంగులదే. ఆ నష్టమునందే ఆయనకు స్తంభములు లభించెను.

1783 జనవరిలో గంజాము తీరమునకు వచ్చినప్పుడు, తన మిత్రుడు హైదరాలి మరణించిన వార్త ఆయనకు దెలిసెను. జూనులో కడలూరు యొద్ద ఐదవమారు పోరాడెను. 1788 డిసెంబరు 8న పారిసులో మరణించెను.