టూసాన్ లువెర్తూర్ చరిత్రము

కరీబియను సముద్రమందలి హిస్పానియోలా ద్వీపమున పశ్చిమభాగము పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు రాజునకు వశమై సాన్ డొమింగ్ అను పేర వ్యవహరింపబడుచుండెను. చక్కెరయు కాఫీయు అచ్చటినుండి ఐరోపాకు విస్తారముగా పోవుచుండెను. ఆ ఐశ్వర్యమునకు మూలము బానిసల చెమట. 1789 నాటికి వారు సుమారు 5 లక్షలమంది.

ఈ దాస్యమునకు చట్టమును కలదు. 1685లో పదునాలుగవ లూయీ ప్రకటించిన కోడ్ న్వార్, అనగా నల్లశాసనము, బానిసను చరాస్తిగా నిర్ణయించెను. ఆస్తిలెక్కలలో పశువుల వెల ప్రక్కనే మనుష్యుల వెలయు ఎక్కెను. తల్లి బానిసయైన బిడ్డయు బానిసయే. నెలదినములు పారిపోయినవానికి చెవులు కోసి భుజమున ముద్రవేయుట, మూడవమారు పారిపోయినచో మరణము దండనలు. బానిసలకు తిండియు బట్టయు ఈయవలెనను నిబంధనలు మాత్రము తరచుగా కాగితముమీదనే నిలిచెను.

అట్టి లెక్కలకెక్కిన కుటుంబముననే, సుమారు 1743లో, బ్రెడా తోటయందు టూసాన్ జన్మించెను. పశువులను కాచెను, బండి తోలెను, చదువను వ్రాయను నేర్చెను. ముప్పదియేండ్ల ప్రాయము దాటునప్పటికి విముక్తుడై కొంత భూమిని కౌలునకు గైకొని, తానును బానిసలచే సేద్యము చేయించెను.

1791 ఆగస్టులో బానిసలు తిరుగబడగా టూసాన్ వారితో చేరి సేనానియయ్యెను. మొదట స్పెయిను పక్షమున ఫ్రాన్సుతో పోరెను. 1794 ఫిబ్రవరి 4న పారిసులోని జాతీయసభ వలసలన్నిట దాస్యమును రద్దుచేసెను. ఆ యేటనే ఆయన ఫ్రెంచి పక్షమునకు మరలి స్పెయిను, ఇంగ్లండు సేనలను ఎదిర్చెను. 1800లో, తోటలు పాడుపడునను భయముచే, కూలీలు వానిని విడిచిపోరాదని కఠినాజ్ఞ చేసి తనవారిలోనే పలువురకు కష్టము కలిగించెను. అయినను 1801లో ఆయన ప్రకటించిన రాజ్యాంగము ఆ నేలపై బానిసలుండరాదనియు, దాస్యము శాశ్వతముగా రద్దయ్యెననియు శాసించెను.

నెపోలియను దీనిని సహింపక 1802లో గొప్ప సేనను పంపెను. ఆ సంవత్సరము మే 20న ఫ్రాన్సులో వెలువడిన చట్టము మార్టినీకు మొదలగు వలసలలో దాస్యమును నిలిపెను. జూనులో ఫ్రెంచి సేనానులు సంభాషణకని టూసాన్‌ను పిలిచి బంధించి, ఓడనెక్కించి, ఫ్రాన్సులోని జూరా పర్వతములందున్న జూ కోటలో ఉంచిరి. చలికిని వ్యాధికిని లోనై 1803 ఏప్రిల్ 7న ఆయన ఆ చెరలోనే మరణించెను.

నాయకుడు పోయినను పోరు ఆగలేదు. గ్వాడెలూపులో దాస్యమును మరల స్థాపించుచున్నారను వార్త ద్వీపవాసులను రగిల్చెను. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమయ్యెను. కాని పాతలెక్క అంతటితో తీరలేదు. తోటలను, బానిసలను కోల్పోయిన పూర్వపు యజమానులకై 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపవలెనని 1825లో ఫ్రాన్సు హైతీని నిర్బంధించెను. విముక్తులైనవారే తమ విముక్తికి వెల చెల్లింపవలసివచ్చెను. ఫ్రెంచి వలసలన్నిట దాస్యము తుదముట్ట రద్దగుట 1848లోగాని జరుగలేదు.

దూరదేశమున ఒక సభ ఇచ్చిన స్వేచ్ఛను మరియొక ఏలిక ఎనిమిదేండ్లకే హరింపబూనెను. ఆ స్వేచ్ఛ హైతీలో నిలిచినది దాని విలువ నెరిగిన ప్రజలు దానిని విడువకుండుటచేతనే.